బస్సెక్కిన పెళ్లి

సిద్దిపేట బస్టాండ్‌లో పార్సిల్ కౌంటర్ దగ్గర కాసేపు నిలబడితే మంచి టైంపాస్. తొక్కు డబ్బాలు, బోరు మోటార్ల సామాన్లు, చీరల మూటలు అన్నీ అక్కడే కనిపిస్తాయి. ఒకరోజు పొద్దున్నే నాకు తెలిసిన ఫొటో స్టూడియో అన్న ఒకాయన అక్కడ చిన్న అట్టపెట్టె పట్టుకుని నిలబడ్డాడు. దాని చుట్టూ బబుల్ ర్యాప్, ఆ పైన బ్రౌన్ టేప్. మీద మార్కర్‌తో 'జేబీఎస్' అని రాసి ఉంది.

"గిండ్ల ఏమున్నదన్నా?" అని అడిగాను.

"మొన్నటి పెళ్లి తమ్మీ. మూడు కెమెరాలు, ఒక డ్రోన్. మొత్తం ఈ హార్డ్ డిస్క్‌లనే ఉన్నది. హైదరాబాద్‌ల మిక్సింగ్‌కు పోవాలె."

నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని కదా, నోరూరుకోలేదు. "ఈ కాలంలో బస్సుల పంపుడేందన్నా? నెట్‌ల అప్‌లోడ్ కొడితే అయిపాయె!" అన్నాను.

ఆయన నవ్వాడు. "అయితే నువ్వే కొట్టి సూపియ్యి" అన్నాడు.

ఇంటికొచ్చి కాగితం మీద లెక్క వేశాను. ఆయనే గెలిచాడు.

బస్సు స్పీడ్ ఎంత?

ఆ డిస్క్ 1 టీబీ అనుకుందాం. అంటే సుమారు 80 లక్షల మెగాబిట్లు. మన ఇంటి నెట్‌లో అప్‌లోడ్ 50 ఎంబీపీఎస్ ఎక్కడా తగ్గకుండా వచ్చిందనుకున్నా, మొత్తం పోవడానికి 1,60,000 సెకన్లు పడుతుంది. అంటే 44 గంటల పైనే. రెండు పగళ్లు, రెండు రాత్రులు లాప్‌టాప్ ఆపకుండా కూర్చోవాలి. మధ్యలో కరెంట్ పోకూడదు, నెట్ పోకూడదు.

ఇక బస్సు. సిద్దిపేట నుంచి రాజీవ్ రహదారి మీద హైదరాబాద్ దాదాపు 100 కిలోమీటర్లు. ఇక్కడ పార్సిల్ ఇచ్చి, అక్కడ చేతికి అందేదాకా ఐదు గంటలు వేసుకుందాం. ఐదు గంటల్లో 1 టీబీ అంటే సుమారు 440 ఎంబీపీఎస్! శామీర్‌పేట దగ్గర ట్రాఫిక్‌లో ఆగినా సరే, ఆ బస్సు మన బ్రాడ్‌బ్యాండ్ కన్నా తొమ్మిది రెట్లు స్పీడ్.

నిజాయతీగా చెప్పాలంటే, డిస్క్‌లోకి ఎక్కించడానికి, అక్కడ దించడానికి కూడా టైం పడుతుంది. సెకనుకు 100 ఎంబీ రాసే హార్డ్ డిస్క్ అయితే ఒక్కోవైపు మూడు గంటలకు కొంచెం తక్కువ. అన్నీ కలిపినా పదకొండు గంటల్లోపే. 44 ఎక్కడ, 11 ఎక్కడ?

ఫైళ్లను ఇలా మనుషులే మోసుకెళ్లడానికి కంప్యూటర్ వాళ్లు సరదాగా పెట్టుకున్న పేరు 'స్నీకర్‌నెట్'. బూట్లేసుకుని నడిచే నెట్‌వర్క్ అన్నమాట. 2009లో దక్షిణాఫ్రికాలో ఒక కంపెనీ తమ నెట్ ఎంత నెమ్మదో చూపించాలని విన్‌స్టన్ అనే పావురం కాలికి 4 జీబీ మెమరీ కార్డు కట్టి వదిలింది. పావురం సుమారు 80 కిలోమీటర్లు ఎగిరి, కార్డులోని డేటా కంప్యూటర్‌లోకి ఎక్కేసరికి మొత్తం రెండు గంటల చిల్లర. అప్పటికి నెట్‌లో పోయింది 4 శాతమే.

2019లో ప్రపంచమంతా చూసిన మొదటి బ్లాక్ హోల్ ఫొటో గుర్తుందా? దాని వెనుక ఉన్న డేటా కూడా విమానాల్లో హార్డ్ డిస్క్‌లుగానే ప్రయాణించింది. దక్షిణ ధ్రువంలోని టెలిస్కోప్ డిస్క్‌లైతే చలికాలం పోయి విమానాలు మళ్లీ తిరిగేదాకా నెలల తరబడి అక్కడే ఆగిపోయాయి. మా స్టూడియో అన్న కూడా సైంటిస్టుల దారిలోనే ఉన్నాడు!

అలాగని అన్నీ బస్సెక్కించక్కర్లేదు. బస్సులో 1 టీబీకి ఐదు గంటలు పడితే, 1 ఎంబీ రెజ్యూమేకీ ఐదు గంటలే పడుతుంది. అందుకే ఫైల్ పంపే ముందు మూడే ప్రశ్నలు: ఎంత పెద్దది? ఎంత దూరం? మధ్యలో ఎవరి చేతుల్లో పడినా పర్లేదా? పద్ధతి ఏదన్నది వీటి జవాబులే చెబుతాయి.

రెండు లాప్‌టాప్‌లూ ఒకే గదిలో ఉంటే

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. దాంతో చాలామంది కొత్త లాప్‌టాప్ కొన్నారు, లేదా కొనే ఆలోచనలో ఉన్నారు. పాతదాంట్లో 100 జీబీ ఫొటోలు, ప్రాజెక్టులు, సినిమాలు ఉంటాయి. అవి కొత్తదాంట్లోకి ఎలా రావాలి?

మనకు మొదట గుర్తొచ్చేది పెన్‌డ్రైవ్. కానీ సెకనుకు 10 ఎంబీ రాసే మామూలు పెన్‌డ్రైవ్‌లోకి 100 జీబీ ఎక్కడానికే దాదాపు రెండున్నర, మూడు గంటలు. మళ్లీ దించాలి. పైగా పెద్ద వీడియో వేయబోతే 'ఫైల్ టూ లార్జ్' అని మొరాయిస్తుంది. పెన్‌డ్రైవ్‌లో చోటుండి కూడా ఇలా అందంటే అది ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉందని అర్థం. అందులో ఒక్కో ఫైల్ 4 జీబీ దాటకూడదు. ఎక్స్‌ఫ్యాట్‌లోకి ఫార్మాట్ చేస్తే ఆ గొడవ ఉండదు. కాకపోతే ఫార్మాట్ కొడితే లోపలున్నవన్నీ పోతాయి, ముందే వేరేచోట దాచుకోండి.

దీనికన్నా మంచి దారి లాన్ కేబుల్. రెండు లాప్‌టాప్‌లకూ గిగాబిట్ లాన్ పోర్ట్ ఉంటే మామూలు లాన్ వైరుతో నేరుగా కలిపేయండి. మధ్యలో రౌటర్ అవసరం లేదు. ఒకదాంట్లో ఫోల్డర్‌ని షేర్ చేస్తే రెండోదాంట్లో కనిపిస్తుంది. సెకనుకు సుమారు 110 ఎంబీ చొప్పున 100 జీబీ పావుగంటలో అయిపోతుంది, డిస్క్‌లు ఆ వేగం అందుకుంటే. సన్నగా ఉండే కొత్త మోడళ్లకు లాన్ పోర్ట్ ఉండదు, వాటికి యూఎస్‌బీ అడాప్టర్ దొరుకుతుంది. ఒక్క జాగ్రత్త: రెండు వైపులా ఒకే రకం పిన్ ఉన్న మామూలు యూఎస్‌బీ వైరుతో రెండు లాప్‌టాప్‌లు కలిపే ప్రయోగం మాత్రం చేయొద్దు. పని జరగకపోగా పోర్టులు దెబ్బతినొచ్చు.

వైర్ల గోల వద్దా? విండోస్ 10, 11 రెండిట్లోనూ సెట్టింగ్స్‌లో 'నియర్‌బై షేరింగ్' ఉంటుంది. ఆండ్రాయిడ్ ఫోన్ నుంచి విండోస్‌కి అయితే గూగుల్ 'క్విక్ షేర్'. ఆపిల్ వాళ్లకు 2011 నుంచే ఎయిర్‌డ్రాప్ ఉంది. ఆండ్రాయిడ్, ఐఫోన్, విండోస్, మ్యాక్, లినక్స్ అన్నీ కలిసిన ఇల్లయితే 'లోకల్‌సెండ్' చూడండి. ఉచితం, ఓపెన్ సోర్స్, లాగిన్ లేదు. రెండు మెషీన్లూ ఒకే వైఫైలో ఉంటే చాలు, ఇంటర్నెట్ అక్కర్లేదు.

"వైఫై లేదు బ్రో" అంటారా? ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేసి లాప్‌టాప్ కనెక్ట్ చేయండి. ఫైల్ ఫోన్‌కీ లాప్‌టాప్‌కీ మధ్యనే తిరుగుతుంది కాబట్టి దానికి మీ డేటా ప్యాక్ కరగదు. హాట్‌స్పాట్‌లో 5 గిగాహెర్ట్జ్ ఆప్షన్ ఉంటే అదే పెట్టండి, తేడా మీకే తెలుస్తుంది. హాస్టల్, కాలేజీ వైఫైల్లో ఒకరి మెషీన్ ఇంకొకరికి కనిపించకుండా కట్టడి చేసి ఉంటుంది. అక్కడ యాప్ పని చేయట్లేదని తిట్టుకోకుండా హాట్‌స్పాట్‌కి మారిపోండి.

ఒకప్పుడు ఈ పనికి అందరి ఫోన్లలో షేరిట్, జెండర్ ఉండేవి. 2020 జూన్ 29న కేంద్రం నిషేధించిన 59 యాప్‌లలో ఈ రెండూ ఉన్నాయి. ఇప్పటికీ ఎక్కడెక్కడి నుంచో వాటి ఏపీకే ఫైళ్లు దించుకునేవాళ్లున్నారు. ఫోన్‌లోనే పనికొచ్చే సాధనం ఉండగా ఆ రిస్క్ ఎందుకు?

ఇంకో చిట్కా. పదివేల ఫొటోలు విడివిడిగా పంపితే, అదే సైజున్న ఒక్క వీడియో కన్నా చాలా ఎక్కువసేపు పడుతుంది. ఒక్కో ఫైల్‌కీ 'పేరేంటి, ఎక్కడ పెట్టాలి, అయిపోయిందా' అనే సంభాషణ నడుస్తుంది మరి. పెళ్లి వంట సామాను టెంట్ హౌస్‌కి వాపస్ పంపేటప్పుడు గరిటెలు ఒక్కొక్కటే మోయం కదా, గంగాళంలో వేసి ఒకేసారి ఎత్తుతాం. అలాగే జిప్ చేసి పంపండి.

ఊళ్లు వేరైతే

ఇక్కడ ముందు ఒక చిన్న కన్ఫ్యూజన్ తీర్చుకుందాం. నెట్ కంపెనీ చెప్పే ఎంబీపీఎస్‌లో బీ అంటే బిట్. ఫైల్ సైజులో ఎంబీ అంటే బైట్. 8 బిట్లు ఒక బైట్. కాబట్టి 100 ఎంబీపీఎస్ ప్లాన్ అంటే సెకనుకు 12.5 ఎంబీ. "నా నెట్ 100 అయితే 12 మీదే ఆగుతోందేంటి?" అని కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసే ముందు ఈ భాగహారం చేసుకోండి. పైగా పంపేవాళ్లకు కావాల్సింది అప్‌లోడ్ స్పీడ్. స్పీడ్ టెస్ట్‌లో ఆ రెండో అంకె చూడండి.

జీమెయిల్ అటాచ్‌మెంట్ 25 ఎంబీ వరకే. గూగుల్ డ్రైవ్‌లో ఉచితంగా 15 జీబీ ఇస్తారు గానీ మెయిల్స్, ఫొటోలు అన్నీ కలిపి అంతే. వాట్సాప్ 2022 నుంచి 2 జీబీ దాకా ఫైళ్లు పంపనిస్తోంది.

వాట్సాప్ దగ్గరే మనవాళ్లు ఎక్కువగా దెబ్బ తినేది. ఫొటోని ఫొటోలాగే పంపితే వాట్సాప్ దాన్ని కుదించేస్తుంది. ఫోన్‌లో చూస్తే బాగానే ఉంటుంది. కరిజ్మా ఆల్బమ్‌లో రెండు పేజీల నిండా వేస్తే మొహాలు మసకబారతాయి, ఫ్లెక్సీ మీద వేస్తే పిక్సెల్స్ లెక్కపెట్టొచ్చు. హెచ్‌డీ పెట్టినా అది అసలు ఫైల్ కాదు. అసలుది అసలులాగే పోవాలంటే అటాచ్‌లో 'డాక్యుమెంట్' నొక్కి పంపండి. ఆల్బమ్ కోసం బంధువుల దగ్గర ఫొటోలు అడిగేటప్పుడు ఈ ఒక్క ముక్క చెబితే స్టూడియో వాళ్లు మీకు దండం పెడతారు.

అన్నట్టు, నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంపడానికి మొదటి తరం పద్ధతి ఎఫ్‌టీపీని రాసింది ఒక భారతీయుడు. ఐఐటీ కాన్పూర్ మొదటి బ్యాచ్‌లో చదివిన అభయ్ భూషణ్, అమెరికాలోని ఎంఐటీలో ఉండగా 1971 ఏప్రిల్‌లో ఆ పత్రం రాశారు. వరల్డ్ వైడ్ వెబ్ పుట్టక ముందు సంగతి అది. పాత ఎఫ్‌టీపీలో పాస్‌వర్డ్ కూడా దాచకుండా పోతుంది కాబట్టి ఇప్పుడు మేం ఆఫీసుల్లో ఎస్‌ఎఫ్‌టీపీ లాంటి తాళం వేసిన దారులు వాడతాం.

జిరాక్స్ షాపులో మీ ఆధార్

మూడో ప్రశ్న నమ్మకం. నోటిఫికేషన్ పడిందంటే నెట్ సెంటర్ల ముందు లైన్. "తమ్మీ, ఈ నంబర్‌కు వాట్సాప్ కొట్టు" అంటారు. మనం ఆధార్, పదో తరగతి మెమో, కులం సర్టిఫికెట్, సంతకం అన్నీ కొట్టేస్తాం. ప్రింట్ వచ్చేస్తుంది. ఫైళ్లు మాత్రం ఆ కంప్యూటర్ డౌన్‌లోడ్స్‌లో, మనకు ముందొచ్చిన వందమంది ఆధార్ల పక్కనే ఉండిపోతాయి.

షాపాయన మంచివాడే కావచ్చు. కానీ ఆ కుర్చీలో ఆ తర్వాత ఎవరు కూర్చుంటారో ఆయనకూ తెలియదు. కాబట్టి పని కాగానే "అన్నా, నా ఫైళ్లు డిలీట్ చెయ్" అని మొహమాటం లేకుండా అడగండి, రీసైకిల్ బిన్‌తో సహా. పూర్తి నంబర్ అక్కర్లేని చోట చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. అక్కడి సిస్టమ్‌లో మీ వాట్సాప్ వెబ్ తెరిచి ఉంటే, బయటికొచ్చే ముందు ఫోన్‌లో 'లింక్డ్ డివైసెస్'లోకి వెళ్లి లాగవుట్ కొట్టండి.

పెన్‌డ్రైవ్ కూడా అంతే. ఊళ్లో ప్రతి ప్రింటింగ్ షాపు కంప్యూటర్‌లో అదే పెన్‌డ్రైవ్ పెట్టి తెచ్చి ఇంట్లో పెడితే వైరస్‌ని ఆటో ఎక్కించి తెచ్చుకున్నట్టే. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారాయంటే దేన్నీ డబుల్ క్లిక్ చేయకుండా ముందు స్కాన్ చేయండి.

డిస్క్‌ని బస్సులోనో కొరియర్‌లోనో పంపుతుంటే సెవెన్ జిప్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో పాస్‌వర్డ్ పెట్టి పంపొచ్చు. ఆ పాస్‌వర్డ్‌ని అట్టపెట్టె మీదే రాయకండి. నవ్వకండి, రాసినవాళ్లను చూశాను.

నేను చేసిన తప్పు

ఇప్పటిదాకా చెప్పినవన్నీ స్పీడ్ గురించి, భద్రత గురించి. అసలు సంగతి ఇంకోటుంది.

నాలుగేళ్ల కింద మా అక్క పెళ్లి. కెమెరాల వాళ్లకు తెల్లారి ఇంకో ఊళ్లో పెళ్లి ఉంది, మెమరీ కార్డులు కావాలి. "ఇంజనీర్ ఉన్నడు కదా, ఎక్కిస్తడు" అని ఇంట్లోవాళ్లు నాకే అప్పజెప్పారు. రాత్రి ఒంటిగంట. నిద్ర ముంచుకొస్తోంది. కాపీ చేసి తర్వాత డిలీట్ చేయడం ఎందుకని నేరుగా 'కట్' కొట్టి ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో పేస్ట్ చేశాను. ఆకుపచ్చ గీత చివరిదాకా వచ్చింది, విండో మూసుకుంది. ఎజెక్ట్ కొట్టకుండా వైరు లాగేశాను. కార్డులు ఖాళీగా కనిపించాయి, ఇచ్చేశాను.

ఆ గీత నిండినంత మాత్రాన డేటా అంతా డిస్క్ మీదికి చేరినట్టు కాదు. కొన్ని సెట్టింగ్స్‌లో చివరి భాగం కాసేపు కంప్యూటర్ మెమరీలోనే ఉండి, తర్వాత డిస్క్ మీదికి వెళ్తుంది. నా డిస్క్‌లో ఆ సెట్టింగే ఉంది. నేను నాలుగేళ్లు చదివింది ఇదే. అయినా వైరు లాగాను.

వారం తర్వాత చూస్తే చివరి మూడు ఫైళ్లు తెరుచుకోలేదు. పేర్లున్నాయి, సైజులున్నాయి, లోపల ఏమీ లేదు. అందులో ఒకటి మా తాత అక్షింతలు వేసి అక్కతో, బావతో మాట్లాడిన వీడియో. కార్డుల మీద అప్పటికే ఇంకొకరి పెళ్లి రికార్డయిపోయింది. రికవరీ సాఫ్ట్‌వేర్లన్నీ తిప్పాను. రాలేదు.

ఆరు నెలలకు తాత పోయాడు.

దశదినకర్మ రోజు మా చిన్నమ్మ కొడుకు తన ఫోన్‌లో వెతికి ఒక క్లిప్ తీశాడు. జనం మధ్యలోంచి తీసింది. నలభై సెకన్లు, వాట్సాప్‌లో పదిమంది చేతులు మారి మసకబారింది. అందులో తాత, "బిడ్డా, పైలం. ఇద్దరు కొట్లాడుకున్నా అన్నం మాత్రం కలిసే తినున్రి" అంటాడు. వెనక బ్యాండ్ మోత. ఈరోజు మా ఇంట్లో ఉన్న తాత గొంతు అదొక్కటే. అక్క నన్ను ఒక్క మాట అనలేదు. అదే ఎక్కువ బాధ.

అందిందా లేదా చూడటం ఎలా?

పెళ్లిలో కట్నాలు రాసే బుక్కు ఉంటుంది కదా. చదివింపులు అయ్యాక బుక్కులో మొత్తం, సంచిలో డబ్బు రెండూ సరిపోయాకే అక్కడి నుంచి లేస్తారు. ఫైళ్లకూ అలాంటి లెక్క ఉంది. దాని పేరు హ్యాష్. ఫైల్ మొత్తాన్ని చదివి దానికొక పొడవాటి సంఖ్య తయారుచేస్తారు. లోపల ఒక్క బిట్ మారినా ఆ సంఖ్య పూర్తిగా మారిపోతుంది. ఇక్కడి ఫైల్ హ్యాష్, అక్కడి ఫైల్ హ్యాష్ ఒకటే అయితే రెండూ ఒకటే.

సెవెన్ జిప్ ఇన్‌స్టాల్ చేసి ఉంటే ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి, అందులో షా-256 నొక్కితే ఆ సంఖ్య చూపిస్తుంది. ఇదంతా ఎందుకనుకుంటే 'టెరాకాపీ' లాంటి సాఫ్ట్‌వేర్‌లో 'వెరిఫై' ఆప్షన్ పెట్టి కాపీ చేయండి, సరిచూసే పని అదే చేసుకుంటుంది. అది కూడా బద్ధకమైతే కనీసం ఇవి చేయండి:

• ముఖ్యమైన వాటికి 'కట్' వాడొద్దు. ఎప్పుడూ 'కాపీ'నే.

• కాపీ అయ్యాక రెండు వైపులా ఫైళ్ల సంఖ్య, మొత్తం సైజు పోల్చండి.

• ఎజెక్ట్ కొట్టాకే వైరు తీయండి. మళ్లీ గుచ్చి, చివరి ఫైళ్లు నాలుగు తెరిచి చూడండి.

• రెండు చోట్ల కాపీ ఉందని కళ్లారా చూశాకే కార్డు ఫార్మాట్ చేయండి.

• పంపడం వేరు, దాచుకోవడం వేరు. ఫొటోగ్రాఫర్లు 3-2-1 అంటారు: మూడు కాపీలు, రెండు రకాల పరికరాల్లో, ఒకటి ఇంటి బయట.

మళ్లీ బస్టాండ్ సంగతికొస్తే, ఆ రోజు నేను స్టూడియో అన్నను ఇంకో ప్రశ్న కూడా అడిగాను. "బస్సుల ఈ డబ్బా పోతే ఎట్లన్నా?"

"పోతే ఇంకోటి పంపుత. షాపుల ఒకటున్నది, ఇంట్ల బీరువాల ఒకటున్నది. ఎవలదో పెళ్లి తమ్మీ, మళ్ల చేసుకోమంటమా?"

ఆయన ఇంజనీరింగ్ చదవలేదు. నేను చదివాను.

మీ ఫోన్‌లో కూడా ఎక్కడో ఒక వీడియో ఉంటుంది. నాయినమ్మ పాట పాడిందో, నాన్న మొదటిసారి విమానం ఎక్కిందో, ఒక్క చోటే ఉన్న వీడియో. ఈ రాత్రే దాన్ని ఇంకోచోటికి కాపీ చేయండి. ఏ పద్ధతైనా సరే. చేశాక ఒక్కసారి తెరిచి, చివరిదాకా చూడండి.